ఏ గదికి ఏ వేడి కావాలో మనమే రాసిద్దాం



చలి మొదలైపోయింది. పాడేరు, చింతపల్లి, అరకు, అనంతగిరి వైపు హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, అటు ఉట్నూరు, తిర్యాణి, సిర్పూర్ వైపు చదువుకుంటున్న వాళ్లు అప్పుడే మెసేజ్‌లు పెడుతున్నారు. చన్నీళ్లు పోసుకోలేకపోతున్నామని ఒకరు, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదని ఒకరు. ఏటా ఈ రోజుల్లో మన గ్రూపులో ఒకే డిమాండ్ లేస్తుంది: ఆశ్రమ పాఠశాలల్లో హీటర్లు పెట్టాలి. వినతిపత్రం రాస్తాం, గ్రీవెన్స్ రోజున పీఓ గారి చేతిలో పెడతాం, ఫొటో దిగుతాం. పరిశీలిస్తామంటారు. సంక్రాంతి దాటాక చలి తగ్గుతుంది, మనమూ తగ్గుతాం.

ఈసారి ఆ వినతిపత్రం రాసే పద్ధతే మార్చాలని మేము అనుకుంటున్నాం. 'హీటర్లు కావాలి' అని ఒక్క ముక్క రాసిస్తే, వాళ్లు మంజూరు చేసినా రెండు గీజర్లు వస్తాయి. ఎక్కడ పెట్టాలి, ఎంతమందికి సరిపోతాయి, ఏ వైరు మీద నడుస్తాయి అనేది ఎవరూ ఆలోచించరు. హాస్టల్ అంటే ఒక గది కాదు కదా. పడుకునే హాలు ఉంది, స్నానాల గది ఉంది, సిక్ రూమ్ ఉంది, చదువుకునే హాలు ఉంది, వంటగది ఉంది. ఒక్కో గదిలో చలి ఒక్కోలా ఉంటుంది, దానికి మందూ వేరే. దాన్ని మనమే గదివారీగా రాసిస్తే, 'పరిశీలిస్తాం' అనడానికి వాళ్లకి వీలు తగ్గుతుంది.

మైదానం నుంచి వచ్చినవాళ్లకి మన చలి సంగతి సరదాగా ఉంటుంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరిల్లో అక్కడ గడ్డి మీద మంచు పేరుకుంటే టీవీల వాళ్లు ఆంధ్రా కశ్మీర్ అని చూపిస్తారు. జాకెట్లు వేసుకుని వస్తారు, స్ట్రాబెర్రీలు తింటారు, వంజంగి కొండెక్కి మేఘాలు చూస్తారు, మర్నాడు విశాఖ దిగిపోతారు. అదే కొండ మీద మన పిల్లలు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సిమెంటు గచ్చు మీద పడుకుని, తెల్లారకుండా లేచి చన్నీళ్లు పోసుకుంటారు. ఆదిలాబాద్ వైపు మన గోండు, కొలాం పిల్లల పరిస్థితీ ఇదే. అక్కడ వేసవి ఎంత మండుతుందో, చలికాలం అంత కొరుకుతుంది.

ఇందులో ప్రాణం మీదకొచ్చే సంగతి ఒకటుంది. సికిల్ సెల్. మన గూడేల్లో ఈ జబ్బు ఉన్న పిల్లలు ఉన్నారని అందరికీ తెలుసు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, రక్త పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. కార్డు ఇచ్చాక ఏం చేయాలి? ఈ జబ్బున్న పిల్లకి ఒళ్లు ఒక్కసారిగా చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొడవలి ఆకారం తిరిగిన రక్తకణాలు ఇరుక్కుంటాయి, ఎముకలు విరిచేసినట్టు నొప్పి లేస్తుంది. చన్నీళ్ల స్నానం, తడి బట్టలు, చలిగాలి దీనికి దారి తీస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అంటే ఒక ప్రభుత్వ శాఖ కార్డు ఇచ్చి చలిలో జాగ్రత్త అంటుంది, ఇంకో ప్రభుత్వ శాఖ అదే పిల్లని ఐదింటికి లేపి చల్లటి తొట్టి దగ్గర నిలబెడుతుంది. కాబట్టి వేడినీళ్లు అడగడం సుకుమారం అనేవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

అందుకే మా లెక్కలో మొదటి గది స్నానాల గది. పడుకునే హాలు కూడా దాని తర్వాతే.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం, సైన్స్ తీసుకున్న తమ్ముళ్లు సరిచూసుకోవచ్చు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.16 వాట్ అవర్ కావాలి. తెల్లవారుజామున తొట్టిలో నీళ్లు 12 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. ఒక్కో పిల్లకి ఒక బకెట్టు, 15 లీటర్లు. అంటే ఒక్కొక్కరికి దాదాపు అర యూనిట్ కరెంటు. 200 మంది ఉన్న హాస్టల్‌కి రోజుకి 100 యూనిట్లు. ఇప్పుడు ఆ రెండు గీజర్ల సంగతి చూడండి. 25 లీటర్ల గీజర్, 2000 వాట్లది, 12 డిగ్రీల నీటిని 60కి తేవడానికి 40 నిమిషాల పైన తీసుకుంటుంది. ఆ 25 లీటర్లలో చన్నీళ్లు కలిపితే ముగ్గురికి కూడా నిండుగా చాలవు. ఐదింటి నుంచి ఏడింటి దాకా రెండు గీజర్లూ ఆగకుండా పనిచేసినా, కరెంటు పోకపోయినా, 25 మంది దాటరు. మిగతా 175 మంది ఏం చేస్తారు? గీజర్ పెట్టేశాం కదా అని ఫైలు మూసేస్తారు, అంతే. పెద్ద పిల్లలు ముందు వరుసలో ఉంటారు, మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకి మళ్లీ చన్నీళ్లే.

కాబట్టి స్నానాల గదికి గీజర్ అడగవద్దు. సోలార్ వాటర్ హీటర్ అడుగుదాం, ఎంత సైజుదో కూడా రాసి అడుగుదాం. 60 డిగ్రీల నీళ్లు ఒక్కో పిల్లకి తొమ్మిది లీటర్లు ఉంటే, మిగతాది చన్నీళ్లు కలుపుకోవచ్చు. 200 మందికి 1800 లీటర్లు. రోజుకి 2000 లీటర్ల సామర్థ్యం ఉన్న ప్లాంటు కావాలన్నమాట. 100 లీటర్లకి సుమారు రెండు చదరపు మీటర్ల పలక పడుతుంది కాబట్టి మేడ మీద 40 చదరపు మీటర్ల దాకా ఎండ పడే జాగా కావాలి. దక్షిణం వైపు చెట్ల నీడ ఉండకూడదు.

మన దగ్గర పొద్దున్నే పొగమంచు కదా, సోలార్ ఏం పనిచేస్తుంది అని చాలామంది అంటారు. మంచిదే ఆ అనుమానం. కానీ పొద్దున పోసుకునే నీళ్లు పొద్దున కాగవు, ముందురోజు ఎండకి కాగినవి రాత్రంతా ట్యాంకులో ఉంటాయి. మంచు విడిచాక మన కొండల మీద ఎండ బాగానే కాస్తుంది. అసలు చిక్కు మబ్బు పట్టిన రోజులు. వాటికోసం ట్యాంకులో కరెంటు బ్యాకప్ గానీ, కింద గొట్టం ఉన్న కట్టెల బాయిలర్ గానీ ఉండాలి. కట్టెల బాయిలర్ అంటే ఒక షరతు కచ్చితంగా రాయాలి: కట్టెలు కాంట్రాక్టరే తెచ్చిపెట్టాలి, పిల్లల్ని అడవికి పంపకూడదు. ఇది మనం రాయకపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆదివారం పూట ఆడపిల్లలు మోపులు మోస్తూ కనిపిస్తారు.

ఇంకా చిన్న చిన్న సంగతులున్నాయి, వీటిలోనే సోలార్లు పాడైపోతున్నాయి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువ ఉంటే పలకలోని సన్నటి రాగి గొట్టాలు పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకమైతే శుభ్రం చేయడం కొంత తేలిక, కానీ కోతులున్న చోట వాటికి పైన వల కట్టాలి. ట్యాంకు నుంచి బాత్‌రూమ్ దాకా వచ్చే పైపుకి తొడుగు లేకపోతే దారిలోనే సగం వేడి పోతుంది, చివరి బాత్‌రూమ్‌కి గోరువెచ్చగా కూడా రావు. ఆ చివరి బాత్‌రూమే ఎక్కువ చోట్ల చిన్నపిల్లలది. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తాయి కాబట్టి చిన్న తరగతుల పిల్లలకి నేరుగా కుళాయి ఇవ్వకూడదు. ఒక గాబులో పెద్దవాళ్లు కలిపి, చేత్తో చూసి, అప్పుడు బకెట్లలో పోయాలి. నిర్వహణ ఒప్పందం ఐదేళ్లకి రాయించుకోవాలి. మేము చూసిన ఒక హాస్టల్ మేడ మీద సోలార్ ప్లాంటు ఉంది, పలకల మీద పిల్లలు బట్టలు ఆరేసుకుంటున్నారు. ఒక వాల్వు చెడిపోయి రెండేళ్లయిందట, ఎవరిని పిలవాలో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆడపిల్లల హాస్టళ్లలో నెలసరి రోజుల్లో పగటిపూట కూడా వేడినీళ్లు అందాలి. పొద్దున రెండు గంటలే వదిలి తాళం వేసేస్తే ఆ సౌకర్యం వాళ్లకి సగమే అందినట్టు.

ఇక పడుకునే హాలు. మేము చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. ఈ గదికి హీటర్ వద్దు.

ఎందుకో చెబుతాం. మనిషి ఒళ్లే ఒక పొయ్యి. నిద్రలో కూడా పెద్దవాళ్ల ఒంటి నుంచి 70, 80 వాట్ల వేడి వస్తుంది. పిల్లలకి కొంచెం తక్కువ, 50 అనుకుందాం. 40 మంది పడుకున్న హాల్లో 2000 వాట్ల హీటర్ రాత్రంతా, కరెంటు బిల్లు లేకుండా వెలుగుతోందన్నమాట. మరి పిల్లలు ఎందుకు వణుకుతున్నారు? ఆ వేడి వాళ్ల దగ్గర నిలవడం లేదు. కింద గచ్చు లాగేసుకుంటుంది. పక్కన పగిలిన కిటికీ అద్దం నుంచి గాలి ఊడ్చుకుపోతుంది. పైన రేకుల కప్పయితే రాత్రి ఆకాశానికి అది చల్లబడినంత త్వరగా ఏదీ చల్లబడదు, తెల్లారేసరికి లోపల వైపు నీటి బొట్లు పట్టి దుప్పట్ల మీద పడతాయి. ఇలాంటి గదిలో హీటర్ పెట్టడం కన్నమున్న కడవలో నీళ్లు పోయడమే.

ఈ గదికి కావలసిన సామాను వేరే. నేలకి అడుగున్నర ఎత్తులో మంచాలు. పిల్లకొక పరుపు. జంపఖానా మీద దుప్పటి వేసి పరుపు అనకూడదు, రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. గచ్చు లాగేసే చలి పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగదు. పైన ఒక రగ్గు, ఒక దుప్పటి, వీలైతే బొంత. మన ఇళ్లలో అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంతలో ఉన్న వెచ్చదనం టెండర్లో వచ్చే ఆ పల్చటి బ్లాంకెట్‌లో ఉండదు, ఇది అందరికీ అనుభవమే. బరువు, మందం ఇంత ఉండాలని వినతిపత్రంలో రాయండి. లేకపోతే చేతిలోంచి అవతలి వెలుగు కనిపించే దుప్పటి ఇచ్చి సంతకం తీసుకుంటారు. కిటికీలకి అద్దాలు, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, రేకుల కింద సీలింగ్. ఇవన్నీ కలిపి ఒకసారి పెట్టే ఖర్చు, నెలనెలా బిల్లు రాదు, కరెంటు పోతే ఆగిపోయేది కాదు.

అద్దాలు వేయమన్నాం గానీ గదిని డబ్బాలా మూసేయమనలేదు. 40 మంది ఊపిరి పీల్చే గది అది. దగ్గులు, జలుబులు, టీబీ ఇలాంటి మూసిన గదుల్లోనే పాకుతాయి. మంచం ఎత్తులో ఉన్న కిటికీలు మూసుకోవాలి, పైన వెంటిలేటర్లు తెరిచే ఉండాలి. పైనుంచి కొంత వేడి పోతుంది, పోనివ్వాలి. మంచం వెచ్చగా ఉంటే చాలు. మంచాలు తక్కువై ఇద్దరేసి, ముగ్గురేసి ఒకే దుప్పట్లో ముడుచుకుంటే గజ్జి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, కాబట్టి మంచాల లెక్క పిల్లల లెక్కతో సరిపోవాలి.

కుంపటి గురించి విడిగా చెప్పాలి, ఇది దయచేసి హాస్టళ్లలో ఉన్న ప్రతి పిల్లకీ చేరవేయండి.

మన తాతల ఇళ్లలో మధ్యలో పొయ్యి ఉండేది, దాని చుట్టూ పడుకునేవాళ్లు. మందపాటి మట్టి గోడ, తక్కువ ఎత్తు కప్పు, పైన గడ్డి. గడ్డి కప్పు ఊపిరి పీలుస్తుంది, పొగా గాలీ దాంట్లోంచి బయటికి పోతూనే ఉంటాయి. ఆ ఇల్లు ఆ పొయ్యి కోసమే కట్టిన ఇల్లు. శ్లాబు హాలు అలాంటిది కాదు. చలి పట్టలేక వంటగది నుంచి బొగ్గుల కుంపటి తెచ్చి, తలుపులు బిగించి పడుకుంటే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, ఆ మత్తులోనే మనిషి పోతాడు. పొగ రాని ఎర్రటి నిప్పులే మంచివనుకుంటారు చాలామంది. ఈ వాయువు పొగతో పనిలేకుండా వస్తుంది కాబట్టి ఆ నమ్మకం ఇంకా ప్రమాదం. నెగడు బయట వేసుకోండి, హాయిగా కాచుకోండి, కబుర్లు చెప్పుకోండి. నిప్పు మాత్రం పడుకునే గది గడప దాటి లోపలికి రాకూడదు.

సిక్ రూమ్‌కి వద్దాం. హాస్టల్ మొత్తంలో నిజంగా గదిని వేడి చేయాల్సిన చోటు ఏదైనా ఉందంటే ఇదే. జ్వరంతో ఉన్న పిల్ల, మలేరియా చలితో వణికే పిల్ల, సికిల్ సెల్ నొప్పితో మూలిగే పిల్ల ఇక్కడ పడుకుంటుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలి ఉండే ప్రాంతాల్లో గది లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని చెప్పింది. హాస్టల్ అంతా 18 అంటే మన వాళ్లు నవ్వుతారేమో గానీ, సిక్ రూమ్ ఒక్కటీ 18కి తగ్గకూడదని అడగడంలో తప్పేముంది? పది పన్నెండు అడుగుల గది, ఇద్దరు ముగ్గురు పిల్లలు. తలుపు కిటికీ సరిగా ఉంటే 1500 వాట్ల హీటర్ ఒకటి చాలు.

ఏ రకం హీటర్? బజార్లో మూడు నాలుగు రకాలు దొరుకుతాయి. ఎర్రగా మండే రాడ్ హీటర్ చవక, కానీ రాత్రిపూట దుప్పటి జారి దాని మీద పడితే నిప్పంటుకుంటుంది. ఫ్యాను హీటర్ గది త్వరగా వేడెక్కిస్తుంది, ఆపితే అంత త్వరగా చల్లారుతుంది, రాత్రంతా రొద. సిక్ రూమ్‌కి సరైనది ఆయిల్ నింపిన రేడియేటర్. చూడటానికి ఇనుప రేకులు వరసగా పేర్చినట్టు ఉంటుంది. బయటికి నిప్పు కనిపించదు, లోపలి నూనె వేడెక్కి నెమ్మదిగా గదంతా వెచ్చబరుస్తుంది, కరెంటు పోయినా కాసేపు వేడి ఇస్తుంది. థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి వేడి చాలినంత రాగానే దానంతట అదే ఆగుతుంది. నూనె మళ్లీ మళ్లీ పోయాల్సిన పని లేదు. ఒకటే జాగ్రత్త, దాని మీద తడి బట్టలు ఆరేయకూడదు. 'తక్కువ కరెంటు, ఎక్కువ వేడి' అని డబ్బా మీద రాసి అమ్ముతారు, నమ్మవద్దు. రాడ్ అయినా, ఫ్యాను అయినా, ఆయిల్ అయినా ఒక యూనిట్ కరెంటు మింగితే ఇచ్చే వేడి ఒక్కటే. తేడా అంతా ఆ వేడి ఎలా, ఎంత భద్రంగా చేరుతుందనే దాంట్లోనే. దీనితోపాటు రబ్బరు వేడినీళ్ల సంచులు నాలుగు అడగండి, గుడ్డ చుట్టి వాడాలి. కరెంటు లేని రాత్రి అవే దిక్కు.

స్టడీ హాలు సంగతి మాలో మాకే చాలా వాదన జరిగింది. పెద్ద హాలు, ఎత్తైన కప్పు. అక్కడ గాలిని వేడి చేస్తే వేడంతా పైకి పోయి ఫ్యాను దగ్గర ఉంటుంది, కింద కూర్చున్న పిల్లల కాళ్లు చల్లగానే ఉంటాయి. గోడకి బిగించే ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్స్ అనేవి ఎండలాగా నేరుగా ఒంటికి వేడి తగిలిస్తాయి, ఇలాంటి హాళ్లకి అవే తగినవి. పదో తరగతి పిల్లలు రాత్రిపూట కూర్చునే ఒక మూలకి పెట్టమని అడగొచ్చు. కానీ దానికన్నా ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది. తెల్లవారుజామున ఐదింటి స్టడీ అవర్‌ని డిసెంబర్, జనవరి రెండు నెలలూ ఎత్తేసి, ఆ గంటని సాయంత్రం ఎండ ఉండగానే పెట్టండి. పొద్దున తొమ్మిదిన్నరకి తూర్పు వరండాలో ఎండ పడుతుంది, మొదటి రెండు పీరియడ్లు అక్కడ చెప్పండి. కింద కూర్చోవడానికి బెంచీలో, కనీసం మందపాటి పట్టాలో వేయండి. వణుకుతున్న చేత్తో ఎక్కాలు రాయించి ఏం లాభం?

ఇక్కడ మన సీనియర్ అన్నలు ఒక మాట అంటారు. మేమూ చన్నీళ్లు పోసుకుని, గచ్చు మీద పడుకునే చదువుకున్నాం, ఉద్యోగాలు తెచ్చుకున్నాం, ఇప్పటి పిల్లలకే ఈ గారాలు అని. అన్నలూ, మీ మీద మాకు గౌరవం ఉంది. కానీ మీరొచ్చారు, మీ బెంచీలో మీ పక్కన కూర్చున్నవాళ్లలో ఎంతమంది వచ్చారు? దసరాకో, సంక్రాంతికో ఇంటికెళ్లి తిరిగి రానివాళ్లు లేరా? అందరూ చలికే మానేశారని మేము అనడం లేదు. పిల్ల మళ్లీ హాస్టల్‌కి పోనని ఏడ్చినప్పుడు అమ్మ దగ్గర చెప్పే కారణాల్లో ఇదీ ఒకటని మాత్రం చెబుతున్నాం.

వంటగదికి వేడి అక్కర్లేదు, పొగ పోయే గొట్టం కావాలి. భోజనాల హాలు వంటగదిని ఆనుకుని ఉంటే ఆ గోడ వెచ్చదనమే చాలు. స్టాఫ్ రూమ్‌కి, రాత్రి డ్యూటీలో ఉండే మేడమ్ గదికి ఒక చిన్న హీటర్ పెట్టుకుంటే మనకేం బాధ లేదు, వాళ్లూ మనుషులే. సిక్ రూమ్‌కి రాకముందు ఆఫీస్ రూమ్‌కి వస్తేనే బాధ.

ఇవన్నీ రాశాక వైరింగ్ రాయడం మర్చిపోవద్దు. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మన హాస్టళ్లలో గోడకి ఉండే మామూలు సాకెట్ 6 ఆంపియర్లది, ఫోన్ చార్జర్‌కీ, టేబుల్ ఫ్యాన్‌కీ సరిపోయేది. దానికి హీటర్ తగిలిస్తే ముందు ప్లగ్ నల్లబడుతుంది, తర్వాత వైరు కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు నుంచి విడిగా వైరు, సరైన ఎర్తింగ్, షాక్ తగలగానే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ నాలుగూ లేకుండా ఏ హీటరూ మనకి వద్దని రాయాలి. బకెట్లో ముంచే రాడ్లు పిల్లలు దొంగచాటుగా వాడుతున్నారు, తడి నేల మీద నిలబడి. వేడినీళ్లు ఇవ్వకుండా రాడ్లు లాక్కుంటే ఇంకోటి కొంటారు, ముందు నీళ్లివ్వండి. మన కొండల మీద వోల్టేజీ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2000 వాట్ల హీటర్ 180 వోల్టుల దగ్గర 1200 చిల్లర వాట్లే ఇస్తుంది. పిల్లలేమో హీటర్ పాడైపోయిందంటారు, మెకానిక్ వచ్చి బాగానే ఉందంటాడు.

కొత్తగా కట్టే భవనాల విషయంలో ఇంకా గట్టిగా అడగాలి. 2024 అక్టోబర్‌లో మొదలైన ధర్తీ ఆబా పథకంలో ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ల మెరుగుదల కూడా ఉంది. కొత్త హాస్టళ్లు వస్తాయి. అయితే ఇప్పటిదాకా వచ్చినవి చూస్తే నర్సీపట్నంలో కట్టే ప్లానే లంబసింగిలోనూ కట్టినట్టు అనిపిస్తుంది. లడఖ్‌లో లేహ్ దగ్గర ఫే అనే ఊళ్లో సెక్మాల్ అని విద్యార్థుల కేంద్రం ఉంది. అక్కడి చలి ముందు మన చలి లెక్కలోకి రాదు, సున్నాకి చాలా కిందకి పోతుంది. మందపాటి మట్టి గోడలు, దక్షిణం వైపు పెద్ద అద్దాలు పెట్టి, పగటి ఎండని గోడల్లో దాచుకుని, ఆ వేడితోనే రాత్రి గడుపుతారు. మన దగ్గర కూడా చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. పడుకునే హాళ్లు దక్షిణం వైపు, మెట్లు, స్టోర్ రూములు ఉత్తరం వైపు పెట్టమని గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగం వాళ్లని ప్లాను దశలోనే అడగొచ్చు. గోడలు లేచాక అడిగి లాభం లేదు.

ఇప్పుడు పని. మీ మీ హాస్టళ్లకి దగ్గర్లో ఉన్న డిగ్రీ, పీజీ మిత్రులు ఈ వారంలో ఒక గోడ థర్మామీటర్ కొనండి, పెద్ద ఖరీదు ఉండదు. వార్డెన్ గారికి చెప్పి, వాళ్ల అనుమతితోనే లోపలికి వెళ్లండి, గొడవ పెట్టుకోవద్దు. పడుకునే హాలు, స్టడీ హాలు, సిక్ రూమ్, తొట్టి నీళ్లు, ఈ నాలుగు చోట్లా రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి చూసి రాయండి. రాత్రిపూట ఆడపిల్లల హాస్టళ్లలో ఈ పని అక్కడి పెద్ద తరగతి చెల్లెళ్లకే అప్పగించండి. పిల్లలు ఎంతమంది, మంచాలు ఎన్ని, పగిలిన అద్దాలు ఎన్ని, 16 ఆంపియర్ల సాకెట్లు ఎన్ని, ఇవి కూడా లెక్కపెట్టండి. సికిల్ సెల్ కార్డు ఉన్న పిల్లల సంఖ్య మాత్రమే రాయండి, పేర్లు వద్దు. పిల్లల మొహాలు ఫొటోల్లో పడకూడదు. ఏడు రోజుల లెక్క అయ్యాక హాస్టల్ పేరు, తేదీలతో ఈ పోస్టు కింద పెట్టండి. మండలాలవారీగా కూర్చి, గదికొక పేజీ చొప్పున వినతిపత్రం మేము తయారుచేస్తాం. వచ్చే గ్రీవెన్స్ రోజున పాడేరులోనూ, ఉట్నూరులోనూ ఒకేసారి ఇద్దాం. రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం వైపు మిత్రులు కూడా కలుస్తామంటే కామెంట్‌లో మీ మండలం పేరు రాయండి.